కిటికీ పక్కన పాలకూర

ఆదివారం. లేవగానే పాలకూర కుండీల దగ్గరికి వెళ్లాను. రెండూ ఒకే రోజు విత్తినవే. మట్టీ ఒకటే, ఎరువూ ఒకటే. బాల్కనీ అంచున ఉన్నది పొట్టిగా, గుబురుగా, మందమైన ఆకులతో ఉంది. గదిలో, కిటికీకి కాస్త లోపలగా ఉన్నది సన్నటి కాడలు సాగి వెలుగు వైపు ఒరిగిపోయింది. ఆకు పలచన, రంగు వెలిసినట్టు ఉంది.

రెండు వారాలుగా దీనికి నత్రజని చాలడం లేదనుకుంటున్నాను. అందుకే మరో రెండుసార్లు ఎరువు నీళ్లు పోశాను. ఇవాళ తీరిగ్గా ఒక్కో ఆకూ తిప్పి చూస్తే అనుమానం వచ్చింది. నత్రజని తగ్గితే మొక్క ముదురాకుల్లో ఉన్నదాన్ని లాగి చిగుళ్లకు పంపుకుంటుంది. అందుకే పసుపు కింది ఆకుల్లో మొదలవుతుంది. ఇనుము అలా కదలదు. అది చాలకపోతే లేతాకులే పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. నా మొక్కలో ఈ రెండూ కనబడలేదు. అన్ని ఆకులూ ఒకే రకంగా పాలిపోయాయి.

దానికి కరువైంది వెలుగు. నాకు ఆ గది ఎప్పుడూ వెలుతురుగానే అనిపిస్తుంది. మన కన్ను తక్కువ వెలుగుకు ఇట్టే అలవాటు పడుతుంది కాబట్టి, కిటికీ నుంచి నాలుగడుగులు లోపలికొస్తే ఎంత తగ్గిపోతుందో తెలియదు.

ఎరువు సంగతి తలుచుకుంటే మాత్రం నిజంగా బాధేసింది. వేళ్లు నత్రజనిని ఎక్కువగా నైట్రేటు రూపంలో పీల్చుకుంటాయి. ఆ నైట్రేటును ప్రొటీన్లుగా మార్చుకోవడానికి మొక్కకు శక్తి కావాలి. ఆ శక్తి కిరణజన్య సంయోగక్రియ నుంచే రావాలి. వెలుగు చాలకపోతే నైట్రేటు ఆకుల్లో, ముఖ్యంగా కాడల్లో, అలాగే పేరుకుంటుంది. పాలకూర అసలే నైట్రేటును ఎక్కువగా నిలవ చేసుకునే ఆకుకూర. నీరసంగా ఉందని జాలిపడి, దానికి అరగని తిండి పెట్టాను.

ఎరువు ఆపేశాను. కుండీని ఒక్కసారిగా ఎండలో పెడితే నీడకు అలవాటుపడ్డ ఆకులు మాడిపోతాయి, కాబట్టి ఇవాళ్టికి ఉదయపు ఎండలో గంటసేపే ఉంచాను. రోజూ కొంచెం కొంచెం పెంచాలి. ఎల్‌ఈడీ దీపం కొందామా అని కూడా ఆలోచించాను. మామూలు తెల్ల దీపంలోనూ మొక్కకు కావలసిన నీలం, ఎరుపు ఉంటాయి. నీలం వల్ల కాడలు సాగవు. కానీ పాలకూరకు పగలు సుమారు 14 గంటలు దాటితే పూతకు వచ్చేస్తుంది, ఆపైన ఆకు చేదెక్కుతుంది. దీపం పెట్టినా రోజుకు 10, 12 గంటలు దాటకుండా ఆపేయాలి.

బాల్కనీ కుండీలో కూర సాయంత్రం కోశాను. పగలంతా వెలుగు తగిలాక ఆకులో నైట్రేటు తగ్గి ఉంటుంది. బయటి ఆకులే తుంచి, నడిమి చిగురు వదిలేశాను.

చీకటి పడేముందు లోపలి కుండీని మళ్లీ చూశాను. సాగిన కాడలు ఇక పొట్టివి కావు. మధ్యలో రెండు చిన్న ఆకులు విచ్చుకుంటున్నాయి. వాటి పక్కన గుర్తుగా ఒక పుల్ల గుచ్చాను.