అన్నీ వచ్చిన అమ్మాయిని ఎక్కడ ఆడించాలి?

అనంతపురం, కడప, కర్నూలు కాలేజీల అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీముల్లో పేపరు మీద 12 మంది ఉంటారు. నమ్మి కోర్టులోకి దింపగలిగేది ఏడెనిమిది మందినే. ప్రాక్టికల్స్ ఒకరికి, ఊరి బస్సు ఇంకొకరికి. ఇలాంటి టీములో అన్నీ వచ్చిన అమ్మాయి ఒక్కతి దొరికిందంటే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్లు అన్ని పనులూ ఆమె మీదే వేస్తారు. బాల్ తెచ్చేది ఆమే, రీబౌండ్‌కు (షాట్ తప్పి వెనక్కొచ్చే బాల్‌కు) ఎగిరేది ఆమే, అవతలి పొడుగమ్మాయిని ఆపేదీ ఆమే. మూడో క్వార్టర్ అయ్యేసరికి నాలుగు ఫౌల్స్, కాళ్లలో సత్తువ ఉండదు. ఆ నింద అమ్మాయి మీద వేయడం అన్యాయం. లైనప్ వేసినవాళ్లు చూసుకోవాల్సిన విషయమిది.

నా మటుకు ఒక మ్యాచ్‌లో ఆమెకు రెండు పనులు చాలు. ఆ రెండూ ఏవన్నది పక్కన ఎవరు ఆడుతున్నారో చూసి తేల్చాలి. ఒరెగాన్ యూనివర్సిటీకి ఆడిన సబ్రీనా అయోనెస్కూ కాలేజీ ఆటలో 26 ట్రిపుల్ డబుల్స్ (ఒకే మ్యాచ్‌లో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టుల్లాంటి మూడు లెక్కల్లో పది, ఆపైన) చేసింది, అదీ బాల్ తెచ్చి ఆట నడిపే గార్డ్‌గానే. ఒక స్థానంలో కుదురుకున్నాకే మిగతావి కలిసొస్తాయి.

మన పివట్‌కు, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగమ్మాయికి, మొదటి క్వార్టర్‌లోనే రెండు ఫౌల్స్ పడ్డాయనుకోండి. చాలామంది ఈ అమ్మాయినే పివట్‌లోకి నెడతారు. అక్కడే దెబ్బ తింటారు. పోస్ట్‌లో (బుట్ట దగ్గర) కాచేవాళ్లకు ఫౌల్స్ తొందరగా పడతాయి, ఐదోదానికి ఆమె బయటికి. దానికి బదులు ఈమెను నాలుగో స్థానానికి (పివట్ పక్కన ఆడే పవర్ ఫార్వర్డ్‌గా) జరిపి, కబడ్డీ నుంచో హ్యాండ్‌బాల్ నుంచో వచ్చిన గట్టి అమ్మాయిని పివట్‌లో పెట్టండి. పొట్టిదైనా పరవాలేదు, నడుము దించి బాక్సవుట్ చేస్తే (అవతలి అమ్మాయిని వీపుతో బుట్టకు దూరంగా ఆపితే) చాలు. క్వార్టర్‌లో టీమ్ ఫౌల్స్ నాలుగు నిండితే ఆ తర్వాత కాపులో చేసే ప్రతి ఫౌల్‌కూ అవతలివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు. అందుకే పోస్ట్‌లో చేతులు పైకెత్తి నిలబడమనాలి, బాల్ మీదికి చెయ్యి వేయొద్దనాలి.

ఇక జోన్, అంటే ఒక్కో మనిషిని కాకుండా తలా ఒక చోటును కాచే పద్ధతి. ఎండకు, బెంచ్ పలచనకు ఇక్కడ ఎక్కువ టీములు ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడే 2-3 జోనే వేస్తాయి. దాన్ని విప్పడానికి ఈ అమ్మాయిని ఫ్రీ త్రో లైన్ మధ్యలో పెట్టాలి. నేను చూసినంతలో ఆమెకు ఇంతకన్నా మంచి చోటు లేదు. బాల్ గాల్లో ఉండగానే చిన్నగా ఎగిరి రెండు కాళ్లూ ఒకేసారి ఆనించాలి. అప్పుడు ఏ కాలినైనా నేలకు ఆనించి దాని మీద తిరగొచ్చు. వెంటనే బుట్ట వైపు తిరగాలి. చూడాల్సింది కిందివరసలో మధ్యనున్న డిఫెండర్‌ని. ఆ అమ్మాయి పైకొస్తే బేస్‌లైన్ మీదున్న మన అమ్మాయి ఖాళీ. రాకపోతే అక్కడినుంచే షాట్. పై ఇద్దరూ ఆమె మీదికి ముడుచుకుంటే రెక్కల మీద (కోర్టు రెండు పక్కలా) త్రీ పాయింటర్‌కు చోటు. చెడిపోయేది ఎక్కడంటే, బుట్టకు వీపు పెట్టి డ్రిబుల్ మొదలుపెడితే. రెండు పక్కలనుంచీ చేతులొచ్చి బాల్ కొట్టేస్తాయి. డ్రిబుల్ లేకుండా పట్టు, తిరుగు, ఇవ్వు అని రోజూ పదిహేను నిమిషాలు చేయిస్తే అలవాటవుతుంది.

అవతలివాళ్లు కోర్టు మొత్తం మీద పడి కాచే ఫుల్ కోర్ట్ ప్రెస్‌లోనూ అంతే. ఆమెతో బాల్ మోయించకండి, మధ్యలో నిలబెట్టి రెండో పాస్ అందుకోమనండి. ఎనిమిది సెకన్లలో సగం గీత దాటడానికి అదే దగ్గరి దారి.

అమెరికా కాలేజీ వీడియోలు చూసి వాళ్ల ప్లేలు (ముందే అల్లుకున్న ఎత్తుగడలు) అట్లే దించేవాళ్లకు ఒక మాట. అక్కడ అమ్మాయిల ఆటలో షాట్ క్లాక్ (బాల్ దొరికాక షాట్ వేయాల్సిన గడువు) 30 సెకన్లు, మనం ఆడే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లో 24. మూడు స్క్రీన్ల (డిఫెండర్‌కు అడ్డంగా నిలబడి దారి మూసే పని) ప్లే ఇక్కడ సగంలోనే ఆగిపోతుంది.

విశ్రాంతి కూడా లైనప్‌లో భాగమే. మొదటి, మూడో క్వార్టర్ల చివరి ఒకటిన్నర నిమిషం ఆమెను కూర్చోబెట్టండి. వెనకే రెండు నిమిషాల విరామం వస్తుంది కాబట్టి మూడున్నర నిమిషాలకు పైనే ఊపిరి తీసుకుంటుంది, ఆటలో పోయేది మాత్రం తొంభై సెకన్లే. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో ఆమె కోర్టులోనే ఉండాలి. అప్పుడు మనం బాస్కెట్ వేశాక అవతలి టీము మార్పో టైమౌటో తీసుకుంటే తప్ప మనం ఎవరినీ మార్చలేం. దాడికి ఒకరు, కాపుకు ఒకరు అని మార్చుకుందామంటే కుదరదు.