పేరు అడగని ఫోను

మా మామయ్య హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై గాజువాకలో ఉంటున్నాడు. సెలవుకి వెళ్తే, అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో నేనుండే హ్యూస్టన్ కబుర్లన్నీ చెప్పిస్తాడు. ఈసారి మాట క్రైమ్ స్టాపర్స్ మీదకి, అంటే నేరాల గురించి జనం ఫోన్‌లో ఉప్పందించే అక్కడి సంస్థ మీదకి పోయింది. నేరం ఎవరు చేశారో ఉప్పందిస్తే, దాంతో అరెస్టు జరిగితే, 5,000 డాలర్ల దాకా ఇస్తారన్నాను.

"మనకీ ఇస్తార్రా అల్లుడూ. 'ఆచూకీ తెలిపిన వారికి తగిన బహుమతి' అని ఎన్ని నోటీసులు అంటించలేదు! ఒక్కడొచ్చి సెప్పినాడేటి?"

ఎందుకు చెప్తాడు? చెప్పినవాడు ముందు స్టేషన్‌కి రావాలి, ఆనక కోర్టుకి తిరగాలి, వీధిలో అందరికీ తెలిసిపోవాలి. సాక్షుల రక్షణకి ఒక పథకాన్ని సుప్రీంకోర్టు 2018లో ఆమోదించింది, నిజమే. అయితే అది సాక్షిగా పేరెక్కినవాడి కోసం. అసలు పేరే ఎక్కకూడదనుకునేవాడి సంగతేమిటి?

అక్కడ ఫోను ఎత్తినవాళ్లు పేరు అడగరు, ఒక నంబరు ఇస్తారు. కేసు తేలాక ఆ నంబరు చెప్పి బ్యాంకులో నగదు తీసుకోవచ్చు. ఎవరు చెప్పారో బయటపెడితే టెక్సాస్ చట్టంలో అదే ఒక నేరం. ఇంకో ముచ్చట మామయ్యకి భలే నచ్చింది: ఆ బహుమతి సొమ్ముని శిక్షపడ్డవాడి చేతే కట్టించే అధికారం అక్కడి జడ్జికి ఉంది.

ఇదంతా 1976లో న్యూమెక్సికోలోని ఆల్బకర్కీలో మొదలైంది. గ్యాస్ స్టేషన్‌లో, అంటే పెట్రోలు బంకులో, పనిచేసే ఓ కాలేజీ కుర్రాణ్ని దోపిడీకి వచ్చినవాళ్లు కాల్చి చంపారు. వారాలు గడిచినా ఆధారం దొరకలేదు. గ్రెగ్ మెకలీస్ అనే డిటెక్టివ్ జరిగినదాన్ని నటులతో మళ్లీ తీయించి స్థానిక టీవీలో వేయించాడు. చూసినవాళ్లలో ఒకరు ఫోన్ చేశారు, మూడు రోజుల్లో నిందితులు దొరికారు.

రాత్రి షిఫ్టుల్లో క్యాష్ కౌంటర్ దగ్గర నిలబడినవాణ్ని కాబట్టి నాకు ఆ కుర్రాడు పరాయివాడిలా అనిపించడు. వీసా ఒప్పుకోకపోయినా అలాంటి చోట్ల పనిచేసే మన పిల్లలు ఉన్నారు, పోలీసు కారు ఆగితే వెనకగదిలోకి జారుకుంటారు. కళ్లముందు ఘోరం జరిగినా సాక్షిగా రమ్మంటే రారు. పేరు అడగని ఆ ఫోను మాత్రం వాళ్లు కూడా చెయ్యగలరు. నా లెక్కలో 5,000 డాలర్లకన్నా అదే ఎక్కువ.

మామయ్య ఒప్పుకోలేదు. ఆయన పాడేరు వైపు పనిచేసినవాడు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడితే మావోయిస్టులు ప్రాణాలు తీసిన ఊళ్లవి. అంతకుముందు తెల్లవాళ్లు అల్లూరి తలకి 10,000 రూపాయలు వెల కట్టిందీ ఆ మన్యంలోనే. "డబ్బుకి సెప్పినవాణ్ని మనూళ్లలో మడిసిగా సూడర్రా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అత్తయ్య అనుమానం వేరు. "నంబరు సెప్పీగానే బ్యాంకోళ్లు డబ్బులిచ్చీస్తారా? ఆధార్ అడగరేటి?"

అడగరంటే నమ్మలేదు.