స్టాంపింగ్ టెన్షన్ మనకన్నా ముందే పడ్డవాళ్ళు

అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే కాసేపటికే మాట స్టాంపింగ్ మీదకి, అంటే ఇండియాలోని అమెరికా కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా వేయించుకోవడం మీదకి పోతుంది. ఇండియా వెళ్తే తిరిగి రానిస్తారా, ఈలోపు రూల్ మారితే ఉద్యోగం, ఇంటి లోను, పిల్లల స్కూలు ఏం కావాలి, ఎప్పుడూ ఇదే గోల. ఆఫీసులో నా పక్క సీటు చైనా అతని దగ్గర ఇలాగే వాపోతే, "మావాళ్ళకి 1888లోనే అయిందిలే" అన్నాడు నవ్వుతూ. ఇంటికొచ్చి చదివాను.

చైనా కూలీలు కొత్తగా రాకూడదని 1882లోనే చట్టం చేశారు. అప్పటికే ఇక్కడున్నవాళ్ళు మాత్రం సర్టిఫికెట్ రాయించుకుని ఊరెళ్ళి రావచ్చు. 1888లో స్కాట్ చట్టం తెచ్చి ఆ సర్టిఫికెట్లేవీ చెల్లవు పొమ్మన్నారు. అప్పటికి అవి పట్టుకుని బయట ఉన్నవాళ్ళు సుమారు 20 వేలమంది. చే చాన్ పింగ్ అనే ఆయన తిరిగొస్తూ ఇంకా ఓడలో ఉండగానే చట్టం వచ్చేసింది, శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగనివ్వలేదు, సుప్రీంకోర్టుదాకా వెళ్ళినా 1889లో ఓడిపోయాడు. పదేళ్ళకు పైగా ఇక్కడ బతికిన మనిషి!

అంతకు ఇరవయ్యేళ్ళ ముందు ఇదే దేశానికి వాళ్ళు కావాల్సి వచ్చారు. సెంట్రల్ పసిఫిక్ రైలుమార్గం కోసం సియెరా నెవాడా కొండల్లో గ్రానైట్ రాయి పేల్చి సొరంగాలు తవ్వింది ఎక్కువగా వాళ్ళే. తెల్లవాళ్ళకి జీతంతోపాటు కంపెనీ తిండి పెట్టేది, వీళ్ళు తక్కువ జీతంలోంచే కొనుక్కోవాలి. 1867 జూన్‌లో వేలమంది పని ఆపేస్తే కంపెనీ చేసిందల్లా కొండపైకి తిండి సరుకులు పంపడం మానేయడమే. వారంలో సమ్మె ముగిసింది. ఎవర్ని ఎక్కడ పట్టుకుంటే లొంగుతారో యజమానులకి బాగా తెలుసు, వాళ్ళకైతే బియ్యం, మనకైతే వీసా.

1906 భూకంపంలో, దాని వెంటే లేచిన మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో జనన రికార్డులు కాలిపోయాయి. దాంతో ఇక్కడే పుట్టామని చెప్పి పౌరసత్వం తెచ్చుకున్నవాళ్ళు, వాళ్ళ కొడుకులమంటూ కొనుక్కున్న కాగితాలతో వచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళని పట్టుకోడానికి, ఓడ దిగినవాళ్ళని ఆపి విచారించే శాన్‌ఫ్రాన్సిస్కో బేలోని ఏంజెల్ ఐలాండ్ దీవిలో 1910 నుంచి 1940 దాకా అడిగిన ప్రశ్నలు చూస్తే మన కాన్సులేట్ ఇంటర్వ్యూ నయం అనిపిస్తుంది. మీ ఇంటికి ఎన్ని మెట్లు, బియ్యం డబ్బా ఏ గదిలో, మీ వీధిలో ఎన్ని ఇళ్ళు... తండ్రి ఒకటి, కొడుకు ఒకటి చెప్తే వెనక్కి పంపేయొచ్చు. వారాలు, నెలలు అక్కడే పడి ఉండి గోడల మీద చైనీస్‌లో పద్యాలు చెక్కారు, ఫెర్రీలో వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు.

ఇక్కడ పుట్టిన మన పిల్లలకి పౌరసత్వం వస్తోందంటే అందులో వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడి పుణ్యం ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పుట్టాడు, 1895లో చైనా నుంచి తిరిగొస్తే పౌరుడివి కాదు పొమ్మన్నారు, నెలల తరబడి రేవులో ఓడల మీదే ఉంచేశారు. కేసు వేసి 1898లో సుప్రీంకోర్టులో గెలిచాడు. అంతటి తీర్పు చేతిలో ఉన్నా, 1910లో ఆయన పెద్దకొడుకు చైనా నుంచి వస్తే, సమాధానాలు సరిపోలేదని ఏంజెల్ ఐలాండ్ నుంచే తిప్పి పంపేశారు.