నల్లరేగడిలో కలువ తొట్టి: గోడ పని గోడది, షీటు పని షీటుది

మా పెరట్లో కలువల తొట్టి వానాకాలం కారదు. ఎండాకాలమే కారుతుంది. ఈ మాట చెప్తే విన్నవాళ్ళు నవ్వి, ఎండకి ఆవిరైపోతుందిలే అంటారు. రోజుకి రెండంగుళాల నీళ్ళు ఆవిరి కావడానికి మాది నరసరావుపేట, ఎడారి కాదు.

మామయ్యగారు ఉద్యోగంలో ఉండగా కట్టించిన తొట్టి అది. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, లోపల ప్లాస్టరింగ్, పైన నున్నగా సిమెంటు పాలిష్. ఆ రోజుల్లో నీళ్ళ సంపు ఎలా కట్టేవాళ్ళో అలాగే కట్టారు. శ్రావణమాసంలో అత్తయ్యగారి పూజకి పువ్వులన్నీ అందులోంచే. అందుకే దాన్ని పూడ్చేసి మొక్కలు పెట్టుకుందామని మావారు అన్నప్పుడల్లా ఆవిడ ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయేవారు.

ఏటా ఉగాది దాటాక గోడ మీద పగుళ్ళు తేలేవి. మేస్త్రీ వచ్చి సిమెంటు పాలు పోసేవాడు, లేదంటే ఏదో వాటర్‌ప్రూఫ్ పూత పూసేవాడు. నాలుగు వానలు పడగానే కారుడు ఆగిపోయేది. పూత భేషుగ్గా పనిచేసిందని ఆయన, డబ్బు దండగ కాలేదని మేము సంతోషించేవాళ్ళం. మళ్ళీ ఎండలు ముదిరేసరికి అదే గోడ, అదే పగులు.

అసలు కిటుకు మట్టిలో ఉంది. పల్నాడు నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను పాలు ఎక్కువ. అది నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మే నెలలో మా పెరట్లో చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి. అప్పుడు తొట్టి చుట్టూ ఉన్న మట్టి గోడని వదిలేసి వెనక్కి జరుగుతుంది. లోపలి నీళ్ళ బరువంతా ఆ సన్నటి గోడ ఒక్కటే మోయాలి, అది మోయలేక విచ్చుకుంటుంది. వానలు పడ్డాక అదే మట్టి ఉబ్బి గోడని లోపలికి నెట్టి పగులు మూసేస్తుంది. మధ్యలో మేస్త్రీ పూసిన పూతకి పేరొచ్చేది.

ఈ లెక్క నాకు చెప్పింది మా పిన్ని కొడుకు. ఇరిగేషన్‌లో పనిచేస్తాడు, కాలువ లైనింగులు చూసినవాడు. "నల్లరేగడి మీద తిన్నగా కాంక్రీటు వేస్తే నిలవదక్కా, మధ్యలో ఉబ్బని మట్టి పొర పడాలి," అన్నాడు. దాన్ని వాళ్ళు సీఎన్ఎస్ మట్టి అంటారట. బొంబాయి ఐఐటీలో ప్రొఫెసర్ కట్టి గారు తేల్చిన పద్ధతి. మన వైపు దొరికే మంచి ఎర్ర గ్రావెల్ చాలావరకు ఆ పనికొస్తుందన్నాడు. "ఇంకోటి, గోడ చేత నీళ్ళు ఆపించాలని చూడకు. గోడని నిలబడమను చాలు. నీళ్ళ సంగతి లోపల పరిచే ప్లాస్టిక్ షీటు చూసుకుంటుంది."

పని మొదలుపెట్టే ముందు ఆవిరెంతో కారుడెంతో తేల్చుకోవాలనిపించింది. ప్లాస్టిక్ బకెట్టులో అడుగున రాళ్ళు వేసి, తొట్టిలో ఇటుకల మీద నిలబెట్టి, బయటి నీళ్ళ మట్టానికి సమానంగా లోపల నీళ్ళు పోశాను. బకెట్టు లోపల ఒక గీత, బయట ఒక గీత. ఎండా గాలీ రెంటికీ ఒకటే కాబట్టి, తగ్గితే రెండూ సమానంగా తగ్గాలి. మర్నాడు అదే వేళకి చూస్తే బకెట్టులో గోరు వెడల్పున తగ్గింది. బయట రెండంగుళాలు. మేస్త్రీ బాబాయ్‌కి చూపిస్తే, "బకెట్టు మంచిదేనా, ఓసారి చూడమ్మా," అన్నాడు. ఆయనకి గచ్చు మీద అంత నమ్మకం.

తర్వాత నీళ్ళు పోయడం మానేసి తొట్టిని వదిలేశాం. దిగుతూ దిగుతూ అడుగు నుంచి జానెడు ఎత్తులో ఆగిపోయాయి. అంటే నేల బాగానే ఉంది, కంత ఆ ఎత్తులో ఎక్కడో ఉంది. మళ్ళీ కాస్త నీళ్ళు నింపి, తేటపడ్డాక, ఆ మట్టంలో గోడ వెంబడి ఉజాలా చుక్కలు ఒక్కొక్కటే వదిలాను. చాలాచోట్ల నీలం మబ్బుగా తేలి అక్కడే నిలబడింది. తూర్పు గోడ దగ్గర మాత్రం ఒక్క చుక్క సన్నటి నీలి దారమై, కదలకుండా తిన్నగా గోడలోకి దూరిపోయింది. అక్కడ వేలు పెట్టి చూస్తే పగులు గోటికి కూడా తగల్లేదు.

చేపల్ని, కలువ దుంపల్ని గోలేల్లోకి మార్చి, అడుగు బురదని అరటి చెట్లకి వేశాం. తూర్పు గోడ కొడుతుంటే ఇటుకల వెనక ఏకంగా పందికొక్కు బొరియ బయటపడింది, మోచేయి దాకా చెయ్యి పట్టేంత. తడి దొరికే చోటుని అవి భలే కనిపెడతాయి. షీటు ఒక్కటీ మట్టి గుంటలో పరిచేసి ఊరుకుందామా అన్న ఆలోచన నాకు ఆ బొరియ చూశాక పోయింది. పొలంలో నీటి కుంటకి అది సరిపోవచ్చు. ఇంటి పెరట్లో కొక్కుల పళ్ళకీ షీటుకీ మధ్య గోడ ఉండాల్సిందే.

పాత గోడలన్నీ తీసేసి, చుట్టూ అడుగున్నర, కింద అడుగు మేర నల్లమట్టి తవ్వి పారేశాం. ఆ చోట గ్రావెల్ పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టించాను. కూలీలకి నచ్చని పని ఇదే. ఒకేసారి పోసి పైపైన తొక్కేస్తే గంటలో అయిపోతుంది కదా అని వాళ్ళ బాధ. దగ్గర కుర్చీ వేసుక్కూర్చుంటే తప్ప జరగదు.

బెడ్డు వేయడానికి ముందు గ్రావెల్‌లో చిన్న కాలువ తీసి, కంకర నింపి, అందులో అంగుళం పీవీసీ పైపు కంతలు పెట్టి పడుకోబెట్టాం. ఇంకో చివర పల్లంగా ఉన్న మెట్టతామర మడిలో తేలుతుంది. వానాకాలం నేలలో ఊరే నీళ్ళు షీటు కిందకి చేరితే దాన్ని పైకి లేపేస్తాయి, తొట్టి మధ్యలో పొట్ట వస్తుంది. ఆ నీళ్ళకి దారి చూపించడానికే ఈ పైపు. "షీటు వేస్తున్నావు, మళ్ళీ కింద పైపేంటమ్మా?" అని బాబాయ్ విసుక్కున్నాడు. అయినా వేశాడు.

పైన నాలుగంగుళాల కాంక్రీటు, ఊచల జాలీతో. గోడలు ఈసారి తొమ్మిదంగుళాలవి, మాలు సిమెంటు ఒకటికి ఇసుక ఐదు. గోడల తల మీద చుట్టూ రెండు ఊచలతో సన్నటి బెల్టు. ఇక్కడ మట్టం విషయంలో నేను మొండిపట్టు పట్టాను. పారదర్శకంగా ఉండే పైపులో నీళ్ళు నింపి నాలుగు మూలలూ చూపించమన్నాను. ఇంటి గోడ అరంగుళం ఎత్తుపల్లాలుంటే ఎవరికీ తెలియదు. తొట్టి అలా కాదు, నీళ్ళు పోసిన రోజే ఒక పక్క షీటు నల్లగా బయటపడి వంకర చూపిస్తుంది. ప్లాస్టరింగ్‌లో గోడ నేలని కలిసే చోట మాలుతో గుండ్రంగా తిప్పించాను. ఆరాక అరిచేత్తో గోడంతా తడిమి, గుచ్చుకున్న ప్రతి ఇసుక రవ్వనీ ఇటుక ముక్కతో అరగదీశాను.

షీటు సంగతి. పశువుల మేతకి పెంచే అజొల్లా మడులకి వేసే 250 మైక్రాన్ల సిల్పాలిన్ పట్టా చవక, కానీ పదేళ్ళు ఉండాల్సిన చోటికి అది చాలదు. రొయ్యల చెరువుల్లో పరిచే హెచ్‌డీపీఈ అనే నున్నటి పాలిథీన్ షీటు గట్టిది, అయితే అట్టముక్కలా బిర్రుగా ఉండి చిన్న తొట్టి మూలల్లో ఒదగదు. నేను తీసుకుంది నేసి రెండు వైపులా పూత వేసిన హెచ్‌డీపీఈ, 500 మైక్రాన్లది. ఈ రకానికి ఐఎస్ 15351 అని ప్రమాణం ఉంది, ఆ ముద్ర చూసి కొనుక్కోవచ్చు. కొలత ఇలా వేశాను: పొడవుకి రెండు లోతులు, అటూ ఇటూ అడుగు చొప్పున కలిపితే 17 అడుగులు. వెడల్పు అదే లెక్కన 13. కొలత ఇస్తే వాళ్ళే వేడితో అతికించి ఒకే ముక్కగా ఇస్తారు. ఇంట్లో జిగురుతో అతుకులు వేసే జోలికి పోవద్దు, పాలిథీన్‌ని జిగురు పట్టుకోదు. మొత్తం ఖర్చులో ఈ షీటు పదోవంతు కూడా కాలేదు.

షీటు కిందకి మెత్త కావాలి. దానికి జియోటెక్స్‌టైల్ అనే మందపాటి గుడ్డ అమ్ముతారు. మాకు పాత ఫ్లెక్సీలు దొరికాయి, మన ఊళ్ళలో వాటికి కరువేముంది! పుట్టినరోజు శుభాకాంక్షల నాయకులు రెండు వరసలుగా మా తొట్టి అడుగున పడుకున్నారు. ఎవరి ముఖం పైకి ఉండాలన్న దాని మీద మా ఇంట్లో కాసేపు రాజకీయం నడిచింది. చివరికి అందరినీ బోర్లా వేశాం.

షీటుని మిట్టమధ్యాహ్నం డాబా మీద పరిచి వేడెక్కనిచ్చాం, అప్పుడు చెప్పినమాట వింటుంది. తొట్టిలో పరిచాక లోపలికి దిగి సర్దాల్సింది నేనే. మెట్టెలు తగిలితే షీటు చిరుగుతుంది. మెట్టెలు తీయడానికి అత్తయ్యగారు ససేమిరా అన్నారు. రెండు జతల సాక్సులు వేసుకుని దిగాను. మూలల దగ్గర నాలుగు చిన్న ముడతలకి బదులు ఒక్క పెద్ద మడత, చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు, ఒకే వైపుకి తిప్పి పెట్టుకోవాలి. మావారు పైపుతో నీళ్ళు సన్నగా వదులుతుంటే, అవి పైకి వచ్చేకొద్దీ ముడతలు గోడవైపుకి తోసుకుంటూ పోయాను. నీళ్ళ బరువుకి షీటు ఇంకా కిందకి లాక్కుంటుంది కాబట్టి అంచులు ఆ రోజు కోయలేదు. నిండా నింపి ఒక రాత్రి వదిలేశాక కోశాం.

అంచు మీదకి మాచర్ల బండలు వేయించాను. కడప నల్ల బండ అందంగానే ఉంటుంది గానీ ఎండకి కాళ్ళు కాలతాయి. సిమెంటు షీటుకి అంటుకోదు, అందుకని షీటు గోడ తలలో లోపలి సగం వరకే వచ్చేట్టు కోసి, బయటి సగం మీద మాలు వేసి బండ కూర్చోబెట్టాడు బాబాయ్. బండ లోపలికి రెండంగుళాలు ముందుకొచ్చి ఉంటుంది. దాని నీడ పడి షీటు అంచు ఎండకి పాడవదు, కంటికీ కనపడదు. ఆ మాలు కొంత నీళ్ళలో పడింది. సిమెంటు సున్నం చేపలకి మంచిది కాదని ఆ నీళ్ళన్నీ తోడేసి కొత్తవి పట్టాం. కొత్త తొట్టి కదా అని అత్తయ్యగారు అరటి బోదె ముక్కలు కూడా వేయించారు. షీటు ఉన్నాక దాంతో అంత పని లేదు, అయినా నష్టమూ లేదు.

కలువలు, కడియం నర్సరీ నుంచి తెచ్చిన తామర దుంప, వెడల్పాటి టబ్బుల్లోనే పెట్టాను. టబ్బుల్లో నింపింది ఏ మట్టో తెలుసా? తవ్వి పారేసిన ఆ నల్లరేగడే. గోడల్ని చీల్చిన బంకమన్ను తామరకి మహా ఇష్టం. దోమ పిల్లల్ని తింటాయని గప్పీ చేపలు వదిలాం. గంబూసియా ఇంకా బాగా తింటాయంటారు గానీ అవి పక్క చేపల తోకలు కొరుకుతాయి.

అల్పపీడనం పట్టి ముసురు వదలని రోజుల్లో పైపు చివర ధార మొదలైంది. వాన తగ్గాక కూడా మెట్టతామర మడిలో సన్నగా పారుతూనే ఉంది, షీటు మాత్రం ఎక్కడా లేవలేదు. వేసవిలో మళ్ళీ గీతలు గీసి చూశాను, లోపలా బయటా ఒకే తగ్గుదల. రోహిణి ఎండల్లో నాలుగు బిందెలు పోస్తే ఆ రోజుకి సరి.

పక్క వీధి వాళ్ళు చూసి వాళ్ళకీ కట్టమని బాబాయ్‌ని అడిగారు. రేటు చెప్పాడు, అడుగున పైపు వేయాలని కూడా తనే చెప్పాడు. షీటు ఎన్నాళ్ళుంటుందని వాళ్ళడిగితే మాత్రం, "అది ఆ అమ్మాయిని అడగండి. గోడకైతే గ్యారంటీ నాది," అన్నాడట.