వేకువ దిగులు: ఏడోసారీ కుదరని కార్డు

ఈ వారం ఐదు పాత ఇంగ్లీషు మాటలకు కార్డులు రాయాలని కూర్చొని, నాలుగో దాని దగ్గరే ఆగిపోయాను. ‘ఓవర్‌మారో’కు ఎల్లుండి, ‘ఎర్‌యెస్టర్‌డే’కు మొన్న అని క్షణంలో రాశాను, 1623లో హెన్రీ కాకరమ్ నిఘంటువులో చేర్చిన ‘అప్రిసిటీ’ (చలికాలపు ఎండలోని వెచ్చదనం) కూడా పూర్తయింది.

మొండికేసిన మాట ‘ఊహ్త్‌చెఅరు’కు అర్థం తెల్లవారకముందే మెలకువ తెచ్చే దిగులు. ఎక్సెటర్ కెథెడ్రల్‌లోని పదో శతాబ్దపు రాతప్రతిలో, సముద్రం దాటిపోయిన భర్త ఏ నేలమీద ఉన్నాడోనని ఒక స్త్రీ పడే వేదనను చెప్పే పద్యంలో ఇది ఉంది. ‘ఊహ్త్’ వేకువజాము, ‘చెఅరు’ దిగులు. అరుదైన పదాల జాబితాలు మాత్రం దీనిని ‘ఊహ్త్‌చెఅరె’ అని ఇస్తాయి. అది పద్యంలో కర్మగా వచ్చిన విభక్తి రూపం; తెలుగు నిఘంటువులో ‘దిగులును’ అని ఆరోపం (ప్రధాన పదం) పెట్టినట్టు ఉంటుంది. ఈ మాటకు నేను రాసిన మొదటి మూడు కార్డులు ఆ జాబితాలను నమ్మే పాడయ్యాయి. ప్రయోగాన్ని వాక్యంతో సహా చూపే బాస్వర్త్-టాలర్ నిఘంటువును ముందే తెరవవలసింది.

నాలుగో కార్డులో, నేటి ‘కేర్’ను చూసి ‘కెఅరు’ అని రాశాను. అయితే జాగ్రత్తపరుడనే అర్థమున్న ‘చేరీ’ కూడా ఈ కుటుంబానిదే, అది చకారంతో మొదలవుతుంది. కన్నడంలో ‘కివి’గా ఉన్నది మనకు ‘చెవి’ అయినట్టే ఇక్కడా తాలవ్యాచ్చు (ఇ, ఎ వంటి అచ్చు) ముందు కకారం మారిందని ఊహించి ‘చ’ను ఖాయం చేశాను.

మిగిలిన చిక్కు ఆ ‘హ్’. హైదరాబాదులో ‘ఖబర్’ అన్నప్పుడు వినిపించే గొంతు రాపిడి దానిది. ‘ఖ్’ రాస్తే వట్టి మహాప్రాణం అవుతున్నది. ఐదో కార్డులో విసర్గ పెడితే, మా అక్క ‘దుఃఖం’ చదివినట్టే తర్వాతి హల్లును ద్విత్వం చేసి ‘ఊత్త్’ అని చదివింది. దేవనాగరిలో లాగా ‘ఖ’ కింద చుక్క పెడదామని 0.5 పెన్నుతో ప్రయత్నిస్తే చుక్క కంటికి ఆనలేదు, 0.8తో పెడితే సిరా మరకలా కనిపించింది. ఎనిమిదో కార్డులో అక్షరాన్నే రెట్టింపు ఎత్తున రాసి, 0.5తో చిన్న సున్న చుట్టి చూస్తాను.

ఆ తర్వాత లేని పదాల వంతు. 1934 వెబ్‌స్టర్ నిఘంటువులో ‘డార్డ్’ సాంద్రతగా అచ్చయింది. సాంద్రతకు పెద్ద ‘డి’ గాని చిన్న ‘డి’ గాని సంక్షిప్తమని చెప్పే ‘D or d’ అన్న చీటీని ‘dord’ అని ఒకే మాటగా చదివారు. 1939లో గాని అది బయటపడలేదు. ఇటువంటివి అసలు మాటలతో కలిసిపోకుండా పసుపు కార్డులు తెచ్చి ఉంచాను.