పేజ్ ఊళ్లో ఫోను గడియారాన్ని నమ్మితే

అమ్మానాన్నలు మాచర్ల నుంచి ఫీనిక్స్‌లోని మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ గ్రాండ్ క్యానియన్ చూపించి చేతులు దులుపుకొనేవాణ్ణి. ఈసారి అమ్మే అడిగింది. "ఎర్ర రాళ్ల సందులోకి పైనుంచి వెలుగు దిగుతుందే, వాట్సాప్‌లో వచ్చింది, అది మీ దగ్గరేనట కదా!" యాంటిలోప్ క్యానియన్ అన్నమాట. దగ్గరేమీ కాదు, అరిజోనా ఉత్తరపు అంచున పేజ్ అనే చిన్న ఊరి పక్కన, మా ఇంటి నుంచి కారులో నాలుగున్నర గంటలు.

ఏ టికెట్ కొనాలో తేల్చుకోవడానికే వారం పట్టింది. అది నవాహో తెగవారి భూమి. వాళ్ల అనుమతి ఉన్న గైడు లేకుండా లోపల అడుగు పెట్టనివ్వరు. ఎగువ లోయ, దిగువ లోయ అని రెండున్నాయి. దిగువది కాస్త చవక, కానీ నిటారు ఇనుప మెట్లు దిగాలి. అమ్మ మోకాళ్లకు అది కుదిరే పని కాదు. ఎగువ లోయలో నేల చదును. పైగా వేసవిలో మిట్టమధ్యాహ్నం ఎండ స్తంభంలా నిలువునా దిగేది అక్కడే. ఆ వేళకు టికెట్ మనిషికి వంద డాలర్లు దాటింది, నాన్నకు ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. డబ్బు కట్టాక ఇంకొకటి తెలిసింది. వెళ్లిన దారినే తిరిగి రానివ్వరట, చివర బయటికి వచ్చి కొండ పైనుంచి వాలు దారులు, మెట్ల మీదుగా చుట్టి రావాలట. ఆ ముక్క ముందే చదివి ఉండాల్సింది.

జూలైలో అక్కడ వానలు మొదలవుతాయి. 1997 ఆగస్టు 12న దిగువ లోయలో 11 మంది వరదకు బలయ్యారు. వాళ్లున్న చోట పెద్ద వానేమీ లేదు, ఎగువన ఎక్కడో కురిసిన నీరు ఒక్కసారిగా వచ్చి పడింది. అందుకే జూన్ ఎంచుకుని, రెండు నెలల ముందే పదకొండున్నర టూరు ఖాయం చేశాను.

మొదటి రోజు సాయంత్రం కొలరాడో నది మీది గ్లెన్ క్యానియన్ ఆనకట్టకు వెళ్లాం. నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఎత్తు 710 అడుగులు, 1956లో మొదలై 1966లో పూర్తయిందని చదివి వినిపిస్తే, "మన సాగర్‌కు 1955లోనే శంకుస్థాపన జరిగింది. అదీ రాతి కట్టడం, ఇలా కాంక్రీటు కాదు" అన్నారు. పేజ్ ఊరు పుట్టిందే 1957లో, ఈ ఆనకట్ట కట్టే పనివాళ్ల కోసం. "అయితే మన విజయపురి లాంటిదన్నమాట" అని తేల్చేశారు.

మర్నాడు లేచేసరికి నా ఫోనులో తొమ్మిది. ముందుగా నది వంపు తిరిగే హార్స్‌షూ బెండ్ చూడాలన్న ఆలోచన మానేసి, ఉప్మా కూడా తిననివ్వకుండా అందరినీ కారెక్కించాను. టూరు కౌంటర్ దగ్గరికి చేరేసరికి నా ఫోనులో పదకొండు, అక్కడి గోడ గడియారంలో పది. మా ఆవిడ తన ఫోను తీసి చూపించింది. పది.

వేసవిలో అరిజోనా గడియారాన్ని గంట ముందుకు మార్చదు. నవాహో భూభాగం మారుస్తుంది, పక్కనున్న యూటా రాష్ట్రమూ మారుస్తుంది. పేజ్ ఊరూ, లోయ టూర్లూ మాత్రం అరిజోనా సమయంతోనే నడుస్తాయి. ఫోనుకు ఏ టవరు అందితే దానికి అదే సమయం. ఇదంతా నేను ముందే చదివాను, నిద్రమత్తులో గుర్తొస్తే కదా! ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అమ్మ కారులోనే పులిహోర డబ్బా తెరిచింది.

లోపలికి సంచులు తేకూడదన్నారు. అమ్మ బీపీ మాత్రలు నాన్న చొక్కా జేబులోకి చేరాయి. ఇసుకలో కుదిపేసే ట్రక్కు దిగి సందులోకి అడుగుపెట్టగానే చల్లబడింది. గోడలు నీళ్లు సుడి తిరిగినట్టే మెలితిరిగి ఉన్నాయి. అందరూ వెలుగు స్తంభం ఫోటో కోసం తోసుకుంటుంటే నాన్న గోడను వేళ్లతో రుద్ది, రాలిన పొడిని నలిపి చూసి, "మరీ సన్న ఇసుక, కాంక్రీటుకు పనికిరాదు" అన్నారు. ఆ తర్వాత నా భుజం తట్టి పైకి చూపించారు. మా తలల మీద చాలా ఎత్తున రెండు గోడల మధ్య ఒక చెట్టు మొద్దు అడ్డంగా ఇరుక్కుని ఉంది. "ఒరేయ్, వరద అంత ఎత్తు వచ్చింది." ఆ మాట విన్నాక నేను ఫోటోలు తీయడం మరిచిపోయాను.

తిరుగు దారిలో అమ్మ మెట్టుకొకసారి ఆగింది. గైడు తొందరపెట్టలేదు.

పొద్దున్న వదిలేసిన హార్స్‌షూ బెండ్‌కు మధ్యాహ్నం రెండు గంటల ఎండలో వెళ్లాల్సి వచ్చింది. రానూపోనూ మైలున్నర. దారిలో ఉన్న పందిరి నీడలో అమ్మ కూర్చుండిపోయింది. నేనూ నాన్నా కటకటాల దాకా వెళ్లాం. వెయ్యి అడుగుల కింద కొలరాడో నది కొండను చుట్టి తిరుగుతోంది.

తిరిగొచ్చాక అమ్మ నీళ్ల సీసా అందిస్తూ అడిగింది, "నది ఎలా ఉంది? ఎర్రగా ఉందా, మన కృష్ణ వరదలా?"

"పచ్చగా ఉంది" అన్నారు నాన్న. "ఒండ్రంతా నిన్నటి ఆనకట్ట వెనకే ఆగిపోయింది కదా."