బిల్లులో నేనెప్పుడూ చూడని 40

బిల్లుల్లోని అంకెల్ని కంప్యూటరే చదివి పద్దులోకి ఎక్కించేలా చేద్దామని ఈ పని పెట్టుకోవడానికి కారణం 54. ఆ నెల లెక్కల్లో సరిగ్గా అంత తేడా వచ్చింది. తేడా 9తో నిశ్శేషంగా భాగించబడితే ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయేమో చూడమని పాతకాలం పద్దుల వాళ్ల చిట్కా ఒకటుంది. ఆ దారిన వెతికితే రెండు గంటల తర్వాత దొరికింది. నీళ్ల బిల్లులో 4871 ఉంటే నేను 4817 కొట్టాను.

అన్నయ్య వ్యాపారానికి లెక్కలు చూసేది నేనే. కరెంటు, నీళ్లు, గ్యాస్ అన్నీ కలిపి 14 మీటర్లు. "నెలకి పద్నాలుగు కాగితాలేగా" అంటాడు అన్నయ్య. ఒక్కో బిల్లు నుంచి తొమ్మిది గళ్లు ఎక్కించాలి, అంటే 126 సార్లు తప్పు చేసే అవకాశం. అది ఆయనకి కనపడదు.

బిల్లు చదవడమంటే ముందు ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టి టెక్స్ట్‌గా మార్చేది కావాలనుకుని టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్ దించుకుని కూర్చున్నాను. అది ఉచితమే, మంచిదే. కానీ నాకు పెద్దగా అక్కర్లేకపోయింది. పీడీఎఫ్ తెరిచి ఒక అంకె మీద మౌస్ లాగి చూడండి. అక్షరాలు విడివిడిగా సెలెక్ట్ అయితే టెక్స్ట్ లోపలే ఉన్నట్టు, దాన్ని బయటికి తీస్తే చాలు. నా పద్నాలుగింటిలో పదకొండు అలాంటివే. పీడీఎఫ్‌టుటెక్స్ట్ అనే చిన్న ప్రోగ్రామ్‌కి లేఅవుట్ ఆప్షన్ ఇస్తే వరుసలు చెదరకుండా తీసిచ్చింది.

మిగతా మూడూ కాగితం బిల్లులు. ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటోలో 8 కాస్తా బి అయింది, 5 ఎస్ అయింది. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేశాక చాలావరకు కుదుటపడింది. వీటి కోసం మూడు రోజులు కోడ్ రాశాక, ఈ-బిల్లు పంపుతారా అని ఫోన్ చేసి అడగాలన్న బుద్ధి పుట్టింది. రెండు చోట్ల పది నిమిషాల్లో ఒప్పుకున్నారు. ముందే అడగొచ్చుగా అని మీరు అనకండి, అన్నయ్య అనేశాడు.

ఇక చదివింది సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? బిల్లులోనే లెక్క ఉంది కదా, ప్రస్తుత రీడింగ్‌లోంచి పాత రీడింగ్ తీసేస్తే యూనిట్లు రావాలి. ఈ తీసివేత పెట్టగానే ఒక కరెంటు బిల్లు మొరాయించింది. 18432.5 లోంచి 18370 తీస్తే 62.5. బిల్లులో మాత్రం 2500 యూనిట్లు. నా కోడే తప్పనుకుని పూటంతా తలబద్దలు కొట్టుకున్నాను. చివరికి బిల్లుని పెద్దది చేసి చూస్తే ఒక మూల చిన్న అక్షరాల్లో మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ 40 అని ఉంది. పెద్ద కనెక్షన్‌లో కరెంటు మొత్తం మీటరు గుండా పోదు. 200/5 సీటీ (200 ఆంపియర్లని 5కి తగ్గించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఒకటి పెట్టి అందులో నలభయ్యో వంతే మీటరుకి చూపిస్తారు, బిల్లు వేసేటప్పుడు మళ్లీ 40తో గుణిస్తారు. చేత్తో ఎక్కించినన్నాళ్లూ ఆ గడి నా కంటపడనే లేదు. బిల్లు చదవడం మిషన్‌కి నేర్పబోయి నేను నేర్చుకున్నాను.

కట్టాల్సిన మొత్తం అన్న గడి ఇంకో మోసం. అందులో పాత బాకీ కూడా కలిసి ఉంటుంది. దాన్నే ఖర్చు కింద రాస్తే పోయిన నెల ఖర్చు రెండుసార్లు పడుతుంది. ఖర్చుకి ఈ నెల ఛార్జీలు, చెల్లింపుకి మొత్తం, ఇలా రెండూ విడివిడిగా తీయాలి. గుర్తుచేయడానికి మళ్లీ పంపిన బిల్లు కొత్త బిల్లులా చేరిపోకుండా ఖాతా నంబరు, బిల్లింగ్ కాలం కలిపి చూస్తున్నాను. ఖాతా నంబర్లని మాత్రం టెక్స్ట్‌గానే ఉంచండి. సంఖ్య అనుకుంటే ఎక్సెల్ ముందున్న సున్నాలు మింగేస్తుంది, 15 అంకెలు దాటితే ఆపైవన్నీ సున్నాలు చేసేస్తుంది.

మిగిలిన ఆ ఒక్క కాగితం బిల్లుని ఏఐకి ఇచ్చి చూశాను. వంకర ఫొటోని కూడా బాగానే చదివింది. కాకపోతే ఒకసారి మడతలో పాత రీడింగ్ కనపడకపోతే ఖాళీ వదలకుండా తనే ఒక అంకె వేసేసింది, అదీ నమ్మేలా! పోయిన నెల ప్రస్తుత రీడింగే ఈ నెల పాత రీడింగ్ కావాలన్న నియమం అప్పటికే పెట్టి ఉండబట్టి దొరికిపోయింది. లేకపోతే ఆ అంకె దర్జాగా పద్దులో కూర్చునేది.

ఇప్పుడు ఏ లెక్క కుదరకపోయినా ఆ బిల్లు పద్దులోకి పోదు, "చూడాలి" అన్న షీట్‌లో పడుతుంది. ఈ నెల రెండు పడ్డాయి. ఒకటి మీటరు మార్చిన చోటుది, కొత్త మీటరు సున్నా నుంచి మొదలైంది కాబట్టి పోయిన నెలతో కలవదు. రెండోది ఆ కాగితం బిల్లే. నేను భూతద్దం పట్టుకుని కూర్చుంటే అన్నయ్య వచ్చి, "అంతా ఆటోమేటిక్ అన్నావుగా?" అన్నాడు. పన్నెండు అయిపోయాయి, ఈ రెండూ నన్ను చూడనివ్వు అన్నాను.